ఒక్క నాబ్‌తో 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా: ఏ సైన్ వేవ్ సర్క్యూట్ కట్టుకోవాలి?

ప్రశ్న: మా ఊళ్లో యాంప్లిఫయర్లు, మైక్ సెట్లు రిపేరు చేస్తుంటాను. పాత 20 మెగాహెర్ట్జ్ సీఆర్‌వో (వేవ్‌ని తెర మీద చూపే ఆసిలోస్కోప్) ఉంది, సిగ్నల్ జనరేటర్ లేదు. 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా నాబ్ తిప్పితే మారే సైన్ వేవ్ కావాలి. డిప్లొమా పుస్తకంలోని ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్‌ని బీసీ547 ట్రాన్సిస్టర్‌తో కట్టాను. పనిచేసింది గానీ, ఒక రెసిస్టర్ తీసి పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్) పెట్టి తిప్పితే ఫ్రీక్వెన్సీ కాస్త మారి, ఆగిపోతోంది. తర్వాత 741 ఓపాంప్ ఐసీతో వీన్ బ్రిడ్జ్ ఆసిలేటర్ కట్టాను. ఫీడ్‌బ్యాక్‌లో 22కె, 10కె రెసిస్టర్లు పెడితే వేవ్ పైనా కిందా కోసేసినట్టు వస్తోంది. 20కె, 10కె పెడితే అసలు మొదలే కావడం లేదు. 555 టైమర్ ఐసీ ఇచ్చే స్క్వేర్ వేవ్‌ని ఫిల్టర్ చేయమని ఒకరు, ఎక్స్ఆర్2206 ఐసీతో వచ్చే జనరేటర్ కిట్ కొనమని ఇంకొకరు అంటున్నారు. నాకు ఏది సరిపోతుంది? – ఒక పాఠకుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీరు కట్టిన రెండో సర్క్యూటే మీకు కావలసింది. దాన్ని విప్పేయకండి. వీన్ బ్రిడ్జ్‌లో ఫ్రీక్వెన్సీ మార్చడం తేలిక, వేవ్ ఎత్తును నిలబెట్టడమే కష్టం. మీ బోర్డు మీద మొదటి పనికి భాగాలున్నాయి, రెండో పనికి ఏమీ లేదు. మారే ఫ్రీక్వెన్సీ సైన్ వేవ్ సర్క్యూట్ ఏది చూసినా ముందు వెతకాల్సింది ఇదే: నాబ్ తిరుగుతున్నప్పుడు ఎత్తును ఏ భాగం కాపాడుతోంది?

మీకు వచ్చిన రెండు ఫలితాలూ ఒకే కారణం నుంచి వచ్చాయి. వీన్ బ్రిడ్జ్‌లోని రెండు రెసిస్టర్లు, రెండు కెపాసిటర్లు కలిసి, ఆసిలేషన్ ఫ్రీక్వెన్సీ దగ్గర అవుట్‌పుట్‌లో సరిగ్గా మూడో వంతు వెనక్కి ఇస్తాయి. అంటే ఓపాంప్ గెయిన్ (సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతుందన్నది) సరిగ్గా 3 ఉండాలి. 2.99 అయితే వేవ్ క్రమంగా చచ్చిపోతుంది. 3.01 అయితే పెరుగుతూ పోయి సప్లై వోల్టేజికి కొట్టుకుంటుంది. మీ 22కె, 10కె జోడీ గెయిన్ 3.2, అందుకే తలలు తెగాయి. 20కె, 10కె అయితే కాగితం మీద 3. కానీ 5 శాతం రెసిస్టర్లతో అది 2.8 నుంచి 3.2 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, మీకు 3 కన్నా తక్కువ పడింది. ఒక శాతం రెసిస్టర్లు తెచ్చినా తీరదు, ఎందుకంటే నాబ్ తిప్పగానే బ్రిడ్జ్‌కి కావలసిన గెయినే కొంచెం మారుతుంది. వేవ్ చిన్నగా ఉన్నప్పుడు గెయిన్ 3 కన్నా ఎక్కువగా, పెద్దదయ్యే కొద్దీ తక్కువగా చేసే భాగం ఒకటి ఉండి తీరాలి. దానికి రెండు డయోడ్‌లు చాలు.

మిగతా సలహాల సంగతి. ఫేజ్ షిఫ్ట్ ఆసిలేటర్ ఒకే ఫ్రీక్వెన్సీకి మంచిది. మూడు సమానమైన ఆర్‌సీ మెట్లు ఉన్నప్పుడు దాని నెట్‌వర్క్ 29వ వంతు వెనక్కి ఇస్తుంది. ఒక్క రెసిస్టర్ మార్చగానే ఆ లెక్క చెడి ఇంకా ఎక్కువ గెయిన్ కావాల్సి వస్తుంది, ట్రాన్సిస్టర్ దగ్గర అంత ఉండదు, ఆగిపోతుంది. మూడింటినీ ఒకేసారి తిప్పాలంటే మూడు గ్యాంగుల పాట్ (ఒకే కాడకు మూడు పాట్‌లు ఉన్నది) కావాలి, అది దొరకడం కష్టం. ట్విన్ టీ అనే ఇంకో ఆసిలేటర్ సర్క్యూట్‌ది కూడా ఇదే ఇబ్బంది. 555 మాట మరిచిపోండి. స్క్వేర్ వేవ్‌లో మూడో హార్మోనిక్ (మూడింతల ఫ్రీక్వెన్సీ ఉన్న భాగం) మూలంలో మూడో వంతు ఉంటుంది. దాన్ని అణచే ఫిల్టర్ కూడా ఫ్రీక్వెన్సీతో పాటే కదలాలి. ఒక సమస్యకు ఇంకో సమస్య తోడవుతుంది, అంతే.

ఎక్స్ఆర్2206 మాత్రం గౌరవించాల్సిన ఐసీ. ఒకే పాట్‌తో ఫ్రీక్వెన్సీ మారుతుంది, ఎంత వేగంగా తిప్పినా ఎత్తు కదలదు. టోన్ కంట్రోల్ రెస్పాన్స్, స్పీకర్ రెసొనెన్స్ చూసేవాళ్లకు అదే సుఖం. కానీ అది లోపల తయారుచేసేది ట్రయాంగిల్ వేవ్. దాని మొనలను గుండ్రంగా మలిచి సైన్‌లా చూపిస్తుంది. 13, 14 పిన్నుల మధ్య 200 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి వదిలేస్తే డిస్టార్షన్ (వేవ్ ఆకారం చెడటం) మామూలుగా 2.5 శాతం. అక్కడా, 15, 16 పిన్నుల దగ్గరా ప్రీసెట్లు (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న పాట్‌లు) పెట్టి ఓపిగ్గా సరిచేస్తే 0.5 శాతానికి దిగుతుంది. మీ పనికి చిక్కు ఎక్కడంటే, సరిచేయని బోర్డులో లోపమంతా వేవ్ శిఖరాల దగ్గరే కనిపిస్తుంది: మొన తేలుతుంది, లేదా పైభాగం చదునవుతుంది. యాంప్లిఫయర్ క్లిప్ అవుతోందా, అంటే వేవ్ తలలు తెగుతున్నాయా అని మీరు సీఆర్‌వోలో చూసేదీ ఆ శిఖరాన్నే. తప్పు జనరేటర్‌దో యాంప్లిఫయర్‌దో తేలక తికమక పడతారు. పైగా ఈ ఐసీ తయారీ ఆగి చాలా కాలమైంది, బజార్లో తిరిగేవాటిలో నకళ్లు ఎక్కువ. కిట్ ఇప్పటికే కొనేసి ఉంటే, 2వ పిన్ దగ్గర సప్లైలో సుమారు సగం డీసీ ఉంటుందని గుర్తుంచుకుని, బోర్డు మీద కప్లింగ్ కెపాసిటర్ ఉందో లేదో చూసి వాడండి.

సైన్ వేవ్‌ని డిజిటల్‌గా తయారుచేసే ఏడీ9833 మాడ్యూల్ ఇచ్చే ఫ్రీక్వెన్సీ ఖచ్చితత్వం ఏ పాట్ సర్క్యూటూ ఇవ్వలేదు. 25 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో 0.1 హెర్ట్జ్ మెట్లలో మారుతుంది. అయితే మైక్రోకంట్రోలర్, ప్రోగ్రామ్, డిస్‌ప్లే కావాలి. అవుట్‌పుట్ పీక్ టు పీక్ సుమారు 0.6 వోల్టే కాబట్టి దాని వెనక ఇంకో యాంప్లిఫయర్ దశ కూడా కావాలి. రెండో జనరేటర్‌గా కట్టుకోండి. ఇక ఈ వారం పని నడవాలంటే చేతిలోని ఫోన్ ఉంది. టోన్ జనరేటర్ యాప్ వేసి, హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా తీసుకుంటే సైన్ వేవ్ శుభ్రంగానే వస్తుంది. చెడిపోయిన యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌లో ఎప్పుడు ఎంత డీసీ కాచుకుని ఉంటుందో తెలియదు, కెపాసిటర్ లేకుండా మాత్రం కలపకండి.

ఇప్పుడు అసలు సర్క్యూట్. ముందు ఐసీ మార్చండి. 741 స్లూ రేట్ (అవుట్‌పుట్ మారగలిగే గరిష్ఠ వేగం) మైక్రోసెకనుకు 0.5 వోల్ట్. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 4 వోల్టుల పీక్ దాటితే అది సైన్‌ని అందుకోలేక ట్రయాంగిల్‌గా మారుస్తుంది. ఎల్ఎమ్358 చవక, ఎక్కడైనా దొరుకుతుంది, కానీ ఈ పనికి వద్దు. వేవ్ సున్నా దాటే చోట అది చిన్న నొక్కు వేస్తుంది. మీరు పవర్ యాంప్లిఫయర్లో వెతికే క్రాస్ఓవర్ డిస్టార్షన్ అచ్చం అలాగే ఉంటుంది. టీఎల్072 తీసుకోండి. స్లూ రేట్ 13 వోల్టులు, ఇన్‌పుట్‌లో ఫెట్‌లు (ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్లు) ఉండటంతో బయాస్ కరెంట్ లెక్కలోకి రాదు కనుక 100కె పాట్‌లు హాయిగా వాడొచ్చు. ఒకే ఐసీలో రెండు ఓపాంప్‌లు: ఒకటి ఆసిలేటర్‌కి, ఒకటి అవుట్‌పుట్ బఫర్‌కి.

ఫ్రీక్వెన్సీ లెక్క మీకు తెలిసిందే: 1 ని 6.28 × ఆర్ × సీ తో భాగించాలి. 100కె స్టీరియో పాట్, అంటే రెండు గ్యాంగులది, ఒకటి తెచ్చి ప్రతి గ్యాంగ్‌కీ 6.8కె సిరీస్‌లో పెట్టండి. ఆర్ 6.8కె నుంచి 106.8కె దాకా మారుతుంది. కెపాసిటర్ల జోడీ 0.1 మైక్రోఫారడ్ అయితే 15 నుంచి 234 హెర్ట్జ్, 0.01 అయితే 149 నుంచి 2340 హెర్ట్జ్, 0.001 అయితే 1.49 నుంచి 23.4 కిలోహెర్ట్జ్. మూడు రేంజ్‌లలో మీరడిగిందంతా వచ్చేసింది, ఒక రేంజ్ చివర ఇంకో రేంజ్ మొదలుతో కాస్త కలుస్తుంది కూడా. 100కె గ్యాంగ్ దొరక్కపోతే 50కె తెచ్చి, సిరీస్‌లో 3.3కె పెట్టి, కెపాసిటర్లు 0.22, 0.022, 0.0022 వేయండి. 13.6 హెర్ట్జ్ నుంచి 21.9 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది.

వైరింగ్ ఇలా. టీఎల్072లో 8వ పిన్ ప్లస్ సప్లై, 4వ పిన్ మైనస్ సప్లై. 1వ పిన్ నుంచి కెపాసిటర్, దాని తర్వాత 6.8కె, దాని తర్వాత మొదటి గ్యాంగ్, అక్కణ్నుంచి 3వ పిన్. అదే 3వ పిన్ నుంచి గ్రౌండ్‌కి రెండు దారులు పక్కపక్కనే: ఒకటి రెండో కెపాసిటర్, రెండోది 6.8కె సిరీస్‌లో రెండో గ్యాంగ్. రేంజ్ స్విచ్ టూ పోల్ త్రీ వే రోటరీది. ఒక పోల్ కామన్ 1వ పిన్‌కి పెట్టి సిరీస్ కెపాసిటర్లను, రెండో పోల్ కామన్ 3వ పిన్‌కి పెట్టి గ్రౌండ్ కెపాసిటర్లను ఎంచుకునేలా కలపండి. గెయిన్ వైపు: 1వ పిన్ నుంచి 18కె, దానికి సిరీస్‌లో 4.7కె, అక్కణ్నుంచి 2వ పిన్. ఆ 4.7కె మీద రెండు 1ఎన్4148 డయోడ్‌లు ఎదురెదురుగా, ఒకదాని గీత ఒకవైపు ఇంకోదాని గీత ఇంకోవైపు ఉండేలా ప్యారలల్‌లో పెట్టండి. 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 8.2కె సిరీస్‌లో 5కె మల్టీటర్న్ ప్రీసెట్. మామూలు ఒక్క తిప్పు ప్రీసెట్‌తో ఇక్కడ ప్రాణం విసిగిపోతుంది, మల్టీటర్నే కొనండి.

ఇది పనిచేసే తీరు: వేవ్ చిన్నగా ఉండగా డయోడ్‌లు మూసుకుని ఉంటాయి, ఫీడ్‌బ్యాక్ 22.7కె, గెయిన్ 3 దాటి వేవ్ పెరుగుతుంది. పెరిగాక శిఖరాల దగ్గర డయోడ్‌లు కొద్దికొద్దిగా తెరుచుకుని 4.7కెని పక్కకు నెట్టేస్తాయి, గెయిన్ తగ్గుతుంది. రెండూ సమమైన ఎత్తు దగ్గర వేవ్ నిలబడిపోతుంది. శిఖరాన్ని డయోడ్‌లు ఏ కాస్త ముట్టుకున్నా అంత డిస్టార్షన్ చేరుతుంది కాబట్టి, వాటితో వీలైనంత తక్కువ పని చేయించాలి. ప్రీసెట్ ఉన్నది అందుకే.

మొదట పాట్, స్విచ్ ఏవీ లేకుండా బ్రెడ్‌బోర్డు మీద రెండు 10కెలు, రెండు 0.01లు పెట్టి చూడండి. 1.59 కిలోహెర్ట్జ్ రావాలి. ప్రీసెట్ పూర్తిగా ఎక్కువ రెసిస్టెన్స్ వైపు తిప్పితే వేవ్ ఉండదు. మెల్లగా తగ్గిస్తూ రండి. మొత్తం 11.3కె దగ్గరికి వచ్చేసరికి చిన్న సైన్ మొదలవుతుంది, 11కె ప్రాంతంలో 3 వోల్టుల పీక్ దాకా పెరుగుతుంది, 10కె దాటి ఇంకా తగ్గిస్తే మీరు ముందు చూసిన తలలు తెగిన వేవ్ మళ్లీ వస్తుంది. సీఆర్‌వోలో పీక్ టు పీక్ 6 వోల్టుల దగ్గర ఆపండి. అక్కడ డిస్టార్షన్ 1 శాతం చుట్టుపక్కల ఉంటుంది. క్లిప్పింగ్, క్రాస్ఓవర్, టోన్ కంట్రోల్ పనితీరు, ఏ స్టేజీలో సిగ్నల్ పోతోందో చూడటం, వీటన్నిటికీ ఇది పూర్తిగా చాలు. యాంప్లిఫయర్ డిస్టార్షన్ 0.1 శాతమా 0.2 శాతమా అని కొలవడానికి మాత్రం చాలదు.

ఇక్కడ వచ్చే తప్పులు కొన్నే. వేవ్ ఏమీ లేకుండా 1వ పిన్ ప్లస్ 8 వోల్టుల దగ్గరో మైనస్ 8 దగ్గరో అతుక్కుని ఉంటే, 3వ పిన్ నుంచి గ్రౌండ్‌కి డీసీ దారి తెగింది, లేదా 2వ పిన్ ఫీడ్‌బ్యాక్ తెగింది. 1వ పిన్ దగ్గర సున్నా డీసీ ఉండి వేవ్ లేకపోతే గెయిన్ చాలడం లేదు. వేవ్ ఒకవైపే తెగితే ఒక డయోడ్ తిరగబడింది, రెండూ ఒకే దిక్కుకు ఉన్నాయన్నమాట.

కెపాసిటర్ల దగ్గర పిసినారితనం పనికిరాదు. సిరమిక్ డిస్క్ 104 విలువ వేడికీ వోల్టేజికీ మారుతుంది, దానిమీద రాసిన విలువకు 20 శాతం అటూ ఇటూ ఉండటం మామూలే. పాలిస్టర్, అంటే షాపులో మైలార్ అని అడిగేవి, 104జె, 103జె, 102జె (వరసగా 0.1, 0.01, 0.001 మైక్రోఫారడ్) తీసుకోండి. చివరి అక్షరం జె అయితే 5 శాతం, కె అయితే 10 శాతం. విలువ ఎంతన్నది కాదు, జోడీలో రెండూ ఎంత దగ్గరగా ఉన్నాయన్నదే ముఖ్యం. కారణం ఇది: బ్రిడ్జ్‌కి కావలసిన గెయిన్ నిజానికి 1, దానికి సిరీస్ ఆర్‌ని గ్రౌండ్ ఆర్‌తో భాగిస్తే వచ్చింది, దానికి గ్రౌండ్ సీని సిరీస్ సీతో భాగిస్తే వచ్చింది కలిపితే వచ్చే మొత్తం. అన్నీ సమానమైతే 3. గ్రౌండ్ వైపు కెపాసిటర్ 10 శాతం ఎక్కువైతే 3.1. ఒక రేంజ్‌లో బాగా ఆడి ఇంకో రేంజ్‌కి మార్చగానే చచ్చిపోయే జనరేటర్లన్నిటి జబ్బూ ఇదే. కెపాసిటెన్స్ కొలిచే మల్టీమీటర్ ఉంటే పది కొని 2 శాతం లోపు తేడా ఉన్న జోడీలు ఏరుకోండి. 102 జోడీలో ఇంకో మెలిక ఉంది. 3వ పిన్ చుట్టూ ఉన్న వైర్లు, స్విచ్ కలిపి 30 పికోఫారడ్ సులభంగా చేరుస్తాయి, అది 3 శాతం. ఆ వైర్లు పొట్టిగా పెట్టండి. ఆ రేంజ్‌లో కాస్త ఎక్కువ విలువ ఉన్న కెపాసిటర్‌ని సిరీస్ వైపు వేయండి.

ఇదే లెక్క గ్యాంగ్ పాట్‌కీ వర్తిస్తుంది, అసలు తలనొప్పి అంతా అక్కడే. స్టీరియో వాల్యూమ్ కోసం చేసిన చవక పాట్‌లలో రెండు గ్యాంగులూ ఒకేలా తిరగవు. నాబ్ సగంలో ఉన్నప్పుడు ఒకటి 50కె, ఇంకోటి 45కె చూపించడం సాధారణం. హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలో గానీ విజయవాడలో గానీ కొనేటప్పుడు మీటర్ వెంట తీసుకెళ్లండి. నాబ్‌ని ఐదు చోట్ల ఆపి రెండు గ్యాంగులూ కొలిచి, ఎక్కడా తేడా 5 శాతం మించనిది తీసుకోండి. రెండు మూడు కొని ఇంటి దగ్గర ఏరుకున్నా పరవాలేదు, ఈ ఒక్క భాగం మీద పెట్టిన డబ్బు వృథా పోదు.

పాట్ మీద బీ100కె అని ఉంటే లీనియర్, ఏ100కె అని ఉంటే లాగ్. లీనియర్‌లో గ్యాంగులు బాగా జోడీ కుదురుతాయి, కానీ స్కేల్ ఒక మూలకు నెట్టుకుపోతుంది. కింది రేంజ్‌లో లెక్క వేసి చూడండి: నాబ్ సగం తిరిగేసరికి 15 నుంచి 28 హెర్ట్జ్‌కే వస్తుంది, ముప్పావు తిరిగితే 50, పదింట తొమ్మిది వంతులు తిరిగితే 95. మిగిలిన పదో వంతులో 95 నుంచి 234 దాకా ఇరుక్కుని ఉంటాయి. పై రేంజ్‌లో అయితే 10 కిలోహెర్ట్జ్, 15 కిలోహెర్ట్జ్ గీతలు పక్కపక్కనే పడతాయి. లాగ్ పాట్‌ని ఎడమ చివర కాలు, మధ్య కాలు మధ్య వాడితే స్కేల్ చక్కగా పరుచుకుంటుంది, సగంలో సుమారు 70 హెర్ట్జ్ వస్తుంది. అయితే నాబ్ కుడికి తిప్పితే ఫ్రీక్వెన్సీ తగ్గుతుంది. స్కేల్ తిరగేసి రాసుకుంటే సరిపోతుంది. మంచి జోడీ లాగ్ పాట్ దొరికితే అదే వాడండి, దొరక్కపోతే లీనియర్‌తో సర్దుకోండి. స్కేల్ ఇరుకైనా వేవ్ నిలబడుతుంది, జోడీ కుదరకపోతే వేవే ఉండదు.

పాట్ కలిపేటప్పుడు వాడని మూడో కాలును మధ్య కాలుతో కలిపేయండి. తిరుగుతూ ఉండగా లోపలి కాంటాక్ట్ ఒక్క క్షణం లేచినా 3వ పిన్ గాల్లో తేలదు, 100కె ద్వారా గ్రౌండ్ అందుతూనే ఉంటుంది. ఇది చేయకపోతే నాబ్ కదిలినప్పుడల్లా అవుట్‌పుట్ సప్లైకి ఎగిరి పడుతుంది, స్పీకర్ కోన్ ఆ దెబ్బ తినాలి. పాట్ లోహపు ఒంటిని గ్రౌండ్ చేయండి, లేకపోతే చేయి పెట్టగానే 50 హెర్ట్జ్ హమ్ వేవ్ మీద ఎక్కుతుంది.

పాట్, స్విచ్ పెట్టాక ప్రీసెట్ మళ్లీ సరిచేయాలి. మూడు రేంజ్‌లలోనూ నాబ్‌ని చివరి నుంచి చివరికి నెమ్మదిగా తిప్పుతూ ఎత్తు ఎక్కడ అన్నిటికన్నా తగ్గుతోందో పట్టుకోండి. అక్కడ ఆపి, వేవ్ తెగకుండా ఆడేంత వరకే ప్రీసెట్ తిప్పండి, అంతకన్నా ఒక్క పిసరు ఎక్కువ వద్దు. గ్యాంగుల తేడా 5 శాతం లోపు ఉంటే మిగతా చోట్ల ఎత్తు కొంచెం ఎక్కువగా ఉంటుంది గానీ వేవ్ తెగదు. ఈ కొలతలు సీఆర్‌వోతోనే తీయండి. మామూలు మల్టీమీటర్ ఏసీ రేంజ్ కొన్ని వందల హెర్ట్జ్ దాటితే తక్కువ చూపిస్తుంది. 10 కిలోహెర్ట్జ్ దగ్గర మీటర్ పడిపోయిందని ఆసిలేటర్‌ని అనుమానించకండి.

సప్లైకి రెండు 9 వోల్టుల బ్యాటరీలు చాలు, టీఎల్072 తాగేది కొద్ది మిల్లీయాంపులే. బెంచ్ మీద పర్మనెంట్‌గా ఉంచాలంటే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్, 7812, 7912 పెట్టండి. ఈ రెండు రెగ్యులేటర్ల కాళ్లు ఒకటి కావు: 7812లో వరసగా ఇన్‌పుట్, గ్రౌండ్, అవుట్‌పుట్, 7912లో గ్రౌండ్, ఇన్‌పుట్, అవుట్‌పుట్. ఐసీ సప్లై పిన్నుల నుంచి గ్రౌండ్‌కి చెరో 0.1 తప్పకుండా వేయండి. ఇక్కడికి సిరమిక్ చాలు.

అవుట్‌పుట్: 1వ పిన్ నుంచి గ్రౌండ్‌కి 10కె లాగ్ పాట్, దాని మధ్య కాలు 5వ పిన్‌కి, 6వ పిన్ 7వ పిన్‌తో కలిపి బఫర్. 7వ పిన్ నుంచి 100 ఓమ్‌లు, తర్వాత 470 ఓమ్‌లు, తర్వాత 10 మైక్రోఫారడ్ 100 వోల్టుల నాన్ పోలార్ కెపాసిటర్, ఆపైన సాకెట్. ఆ రెండు రెసిస్టర్లు కలిసే చోట నుంచి ప్లస్ సప్లైకి ఒకటి, మైనస్ సప్లైకి ఒకటి 1ఎన్4148లు, మామూలుగా కండక్ట్ కాని దిశలో. ట్రేసింగ్‌లో ప్రోబ్ పొరపాటున 40 వోల్టుల కలెక్టర్‌కి తగిలినా ఆ కరెంట్ డయోడ్‌ల మీదుగా పోతుంది, ఐసీ బతుకుతుంది. మైక్ ఇన్‌పుట్‌కి కొన్ని మిల్లీవోల్టులే కావాలి. వాల్యూమ్ పాట్‌ని అంత కిందికి దించి పట్టుకోలేరు కాబట్టి, 10కె, 100 ఓమ్‌లతో నూరో వంతు చేసే ఇంకో సాకెట్ పెట్టుకోండి.

డయల్ గుర్తులకు ఫ్రీక్వెన్సీ చూపే మల్టీమీటర్ ఉంటే సరి. లేకపోతే మీ సీఆర్‌వోని ఎక్స్-వై మోడ్‌లో పెట్టి, ఒకవైపు 6 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ సెకండరీ, ఇంకోవైపు జనరేటర్ ఇవ్వండి. 50 హెర్ట్జ్ దగ్గర వలయం లేదా కోడిగుడ్డు ఆకారం నిలుస్తుంది, 100 దగ్గర ఎనిమిది అంకె, 150 దగ్గర మూడు రెక్కలు. కెపాసిటర్లు జోడీ చూసి వేస్తే పై రేంజ్‌లకు అదే స్కేల్‌ని 10తో, 100తో గుణిస్తే చాలా దగ్గరగా సరిపోతుంది.

ముందు ముందు ఇంకా శుభ్రమైన వేవ్ కావాలనిపిస్తే డయోడ్‌ల బదులు ఫిలమెంట్ బల్బు పెట్టొచ్చు. 1939లో విలియం హ్యూలెట్ స్టాన్‌ఫర్డ్‌లో వాడిన ఉపాయమిది, హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ మొదటి సరుకు 200ఏ ఆసిలేటర్ దీనిమీదే నిలబడింది. వేవ్ పెరిగితే ఫిలమెంట్ వేడెక్కి దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది, గెయిన్ తగ్గుతుంది. శిఖరాలను ఎవరూ ముట్టుకోరు కనుక డిస్టార్షన్ 0.1 శాతం లోపుకు దిగగలదు. 12 వోల్టుల 50 మిల్లీయాంపుల బల్బుని 2వ పిన్ నుంచి గ్రౌండ్‌కి, ఫీడ్‌బ్యాక్‌లో 100 ఓమ్‌లు సిరీస్‌లో 500 ఓమ్‌ల ప్రీసెట్ పెట్టాలి. బల్బు వెలగకూడదు, దానిమీద 1 వోల్ట్ ప్రాంతంలో ఉంటే చాలు. ఆ కరెంట్ టీఎల్072 ఇవ్వలేదు, ఎన్ఈ5532 కావాలి. దాని బయాస్ కరెంట్ ఎక్కువ కాబట్టి పాట్ 10కె, సిరీస్‌లో 680 ఓమ్‌లు, కెపాసిటర్లు పదింతలు చేయాలి. బైక్ డాష్‌బోర్డు బల్బులు 100 మిల్లీయాంపులూ ఆపైనా తాగుతాయి, ఈ ఐసీకి కూడా భారమే. 20 హెర్ట్జ్ దగ్గర ఫిలమెంట్ వేవ్‌తో పాటే వేడెక్కి చల్లారుతూ డిస్టార్షన్ పెంచుతుంది, నాబ్ తిప్పినప్పుడల్లా ఎత్తు కాసేపు ఊగి నిలుస్తుంది. రిపేరు బెంచ్ మీద గబగబా తిప్పి చూసే పనికి డయోడ్‌లదే పైచేయి, అవి మరుక్షణమే నిలబెడతాయి. ఫెట్‌తో చేసే పద్ధతి కూడా ఉంది, పాలిటెక్నిక్ ల్యాబుల్లో కనిపించే బీఎఫ్‌డబ్ల్యూ10 లాంటిది పనిచేస్తుంది గానీ, రెక్టిఫయర్, టైమింగ్ భాగాలు కలిసి అది ఇక సింపుల్ సర్క్యూట్ కాదు.

మైక్ సెట్ యాంప్లిఫయర్ల విషయంలో ఒక జాగ్రత్త. జనరేటర్ ఇచ్చాక అవుట్‌పుట్ చూడటానికి సీఆర్‌వోని 100 వోల్ట్ లైన్ టెర్మినల్‌కి కాకుండా, సరైన డమ్మీ లోడ్ (స్పీకర్ బదులు పెట్టే పెద్ద రెసిస్టర్) పెట్టిన 8 ఓమ్‌ల టెర్మినల్‌కి కలపండి, ప్రోబ్ 10 ఎక్స్‌లో ఉంచండి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర లెవల్ పెంచుతూ తలలు తెగే చోటు గుర్తించి, కొంచెం తగ్గించి, అప్పుడు ఫ్రీక్వెన్సీ నాబ్ పట్టుకోండి. 20 కిలోహెర్ట్జ్ దగ్గర పూర్తి పవర్ ఎక్కువసేపు ఇస్తే అవుట్‌పుట్ స్టేజీలోని జోబెల్ నెట్‌వర్క్ రెసిస్టర్, సాధారణంగా స్పీకర్ లైన్ దగ్గరుండే 10 ఓమ్‌లది, కాలిపోతుంది. అక్కడ కొన్ని సెకన్లు చూసి దించేయండి.